ఇసుక మీద ఇల్లు: చెయ్యేరు వరద తర్వాత ఒక కౌన్సెలింగ్ కేసు

కడపలో కొన్ని క్రైస్తవ సంఘాల తరఫున కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఈ కేసు 2022 మధ్యలో నా దగ్గరికి వచ్చింది. ఆమె పేరు సుగుణమ్మ అనుకుందాం. ఆమె సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరి ఆనవాళ్లు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను. కష్టాల్లో దేవుణ్ణి నమ్ముకోవడం గురించి మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. నమ్మకం విరిగిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈ రాత పాస్టర్లకూ, సంఘ పెద్దలకూ, విశ్వాసుల ఇళ్లకు వెళ్లి పరామర్శించే అక్కచెల్లెళ్లకూ ఉద్దేశించింది.

నేపథ్యం

సుగుణమ్మది చెయ్యేరు ఒడ్డు పల్లె, వయసు నలభై దాటింది. కువైట్‌లో ఒక ఇంట్లో తొమ్మిదేళ్లు ఖద్దామాగా, అంటే ఇంటి పనిమనిషిగా, పనిచేసింది. ఆ పల్లెల్లో ఇది వింతేమీ కాదు. ఆడవాళ్లు ఇంటిపనికీ, మగవాళ్లు డ్రైవర్లుగానో తోటల్లోనో పనికీ పోతారు. పంపిన దినార్లు ఇక్కడ మిద్దెలవుతాయి, కూతుళ్ల పెళ్లిళ్లవుతాయి. సుగుణమ్మ డబ్బుతో మూడు గదుల మిద్దె లేచింది. రెండు ఎనుములు (గేదెలు) కొన్నారు. భర్త ఆ ఇంటినీ, ఎనుములనూ, తన తల్లినీ, డిగ్రీ చదివే కూతురినీ చూసుకునేవాడు. ఆ తొమ్మిదేళ్ల కాపురం ఎక్కువ భాగం ఫోన్‌లోనే సాగింది.

2021 నవంబరు 19, శుక్రవారం. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు కిందికి దూకి వస్తే చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున కొట్టుకుపోయింది. అప్పటికి ఆ ప్రాంతం కడప జిల్లాలో ఉంది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు పేర్లు పేపర్లలో అందరూ చదివారు. నందలూరు దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడిన ఫొటోలు చూశారు. ఆ రోజు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టుకోవడానికి శివాలయానికి పోయినవాళ్లూ ఆ నీళ్లలో పోయారు. నీళ్లు తీశాక పొలాల్లో ఇసుక మేటలు మిగిలాయి.

సుగుణమ్మ మిద్దె పునాదితో సహా పోయింది. అత్త, కూతురు పక్కింటి మేడెక్కి బతికారు. భర్త ఎనుముల కట్టు విప్పడానికి కొట్టంలోకి పోయాడు. అతని శవం దొరకలేదు.

వచ్చేనాటికి ఎలా ఉంది

వరద జరిగి అప్పటికి ఎనిమిది నెలలవుతోంది. ఊరి పాస్టరుగారే ఫోన్ చేసి, "అమ్మ మందిరానికి వస్తుంది గానీ నోరు తెరవడం లేదు, పాట లేదు, ప్రార్థన లేదు" అన్నారు. ఆయన మంచి మనిషి, అప్పటికే చాలా అలసిపోయి ఉన్నారు. ఆయన సంఘంలోనే ఎన్నో ఇళ్లు పోయాయి.

సుగుణమ్మకు నిద్ర సరిగా లేదు. వాన చినుకు పడితే లేచి కూర్చుంటుంది. తిండి తగ్గింది. కళ్లు మూసుకుంటే నీళ్లు కనిపిస్తాయంటుంది, నిజానికి ఆ నీళ్లను ఆమె చూడనేలేదు. ఫోన్‌లో జనం పంపిన వీడియోలే చూసింది. చనిపోవాలనిపిస్తుందా అని సూటిగానే అడిగాను. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనవాళ్లు భయపడతారు. అలా పుట్టదు. అడిగితే మనిషికి భారం కాస్త దిగుతుంది. "పడుకుంటే లేవకుండా ఉంటే బాగుండు అనిపిస్తాది అక్కా, అంతే" అంది. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన లేదు, కూతురుందన్న స్పృహ గట్టిగా ఉంది. అయినా కడప ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి పంపించాను. డాక్టరు మాత్రలు రాశారు. ఆ అక్టోబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 మొదలైనప్పుడు ఆ నంబరు కూతురి ఫోన్‌లో వేయించాను.

మాత్రల దగ్గర సంఘంలో చిన్న గొడవ వచ్చింది. "ప్రార్థన చాలదా" అని ఒక పెద్దాయన అన్నారు. పాస్టరుగారితో మొదటి రాజులు 19వ అధ్యాయం తీయించాను. ఏలీయా చెట్టు కింద కూలబడి, ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగాడు. దూత వచ్చి బోధ చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి పడుకోనిచ్చి, మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాత. పాస్టరుగారు ఆ ఆదివారం ఇదే చెప్పారు. మాత్రల గొడవ అంతటితో సద్దుమణిగింది.

అంచనా

విశ్వాసులు కష్టాన్ని దేవుడితో ఎలా ముడిపెట్టుకుంటారో చూడ్డానికి పార్గమెంట్ అనే మనస్తత్వవేత్త తయారుచేసిన ప్రశ్నావళి ఒకటుంది, బ్రీఫ్ ఆర్‌కోప్. పద్నాలుగు ప్రశ్నలు. ఏడు దేవుణ్ణి ఆనుకోవడం గురించి, ఏడు దేవుడితో పెనుగులాడడం గురించి. వాటిని మార్కుల కోసం వాడను, మాట మొదలవడానికి వాడుతాను. "దేవుడు వదిలేశాడనిపించిందా?" అన్న ప్రశ్న మన మాటల్లో అడిగాను. సుగుణమ్మ జవాబు నా నోట్సులో అట్లే ఉంది: "వదిలేయలే అక్కా. చూస్తానే ఉండాడు. అదే కదా బాధ."

ఈ జవాబు విన్నాక ఆమెకు విశ్వాసం తగ్గిందన్న మాట నేను ఒప్పుకోలేదు. దేవుడు లేడనుకునే మనిషికి ఈ బాధ రాదు. ఆమెకు దేవుడు ఉన్నాడు, చూశాడు, ఏమీ చేయలేదు. అలాంటివాడితో ఏం మాట్లాడాలో తెలియక నోరు మూసుకుంది.

రెండో సంగతి శవం దొరకకపోవడం. పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు ఇలాంటి నష్టం మీద దశాబ్దాలు పనిచేశారు. మనిషి పోయాడని తేలదు, ఉన్నాడనీ తేలదు, దుఃఖం ఎక్కడా ఆగదు. మన దగ్గర భూస్థాపన, పోయినవాళ్లను తలుచుకుని ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక, సమాధి, ఈస్టరు తెల్లవారుజామున ఆ సమాధి దగ్గర కొవ్వొత్తి, ఇవన్నీ దుఃఖానికి ఒక దారి చూపిస్తాయి. సుగుణమ్మకు వీటిలో ఒక్కటీ దక్కలేదు. అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకుకు ఈత వచ్చు. కూడిక పెడితే మనమే చంపినట్టు" అంది. కోడలి కాలి మెట్టెలు తీయాలా వద్దా అని చుట్టాలు ఒకటే గుసగుసలు. దీర్ఘకాల దుఃఖ రుగ్మత అనే పేరు పెట్టాలంటే అమెరికా ప్రమాణం ఏడాది చూడమంటుంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలంటుంది. నేను ఏ పేరూ పెట్టలేదు. భూస్థాపనే జరగని ఇంట్లో ఏ రోజు నుంచి లెక్క మొదలుపెట్టాలి?

మూడోది సంఘం చేసిన గాయం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

ఆ ప్రసంగం

వరద తర్వాత సాయం చేయడానికి చాలామంది వచ్చారు. బియ్యం, దుప్పట్లు, పాత్రలు తెచ్చారు. ఆ పనికి దండం పెట్టాలి. అయితే బియ్యం మూటలతో పాటు కొందరు ప్రసంగాలూ తెచ్చారు. ఒక బోధకుడు టెంటులో నిలబడి మత్తయి 7వ అధ్యాయం తీశాడు. బండమీద ఇల్లు, ఇసుకమీద ఇల్లు. ఎదురుగా కూర్చున్నవాళ్ల ఇళ్లు పోయాయి, వాళ్ల పొలాల్లో ఇసుక మేటలు వేసి ఉంది. సుగుణమ్మ కువైట్ నుంచి దిగిన వారానికే ఆ ప్రసంగం విన్నది. "నా తొమ్మిదేండ్ల కష్టం ఇసుకంట" అని నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. నాకు ఆశ దొరికింది ఆ కోపంలోనే.

ఆ అధ్యాయాన్ని మేమిద్దరం తర్వాత కలిసి చదివాం. బుద్ధిమంతుడి ఇంటి మీదా, బుద్ధిహీనుడి ఇంటి మీదా పడింది ఒకే వాన. "వాన కురిసెను, వరదలు వచ్చెను" అన్న మాటలు రెండు ఇళ్లకూ ఉన్నాయి. నమ్మినవాడి ఊరికి వరద రాదని యేసు ఎక్కడా అనలేదు. పైగా ఆ ఉపమానం తన మాటలు విని చేసేవాళ్ల గురించీ, విని చేయనివాళ్ల గురించీ చెప్పింది. చెయ్యేరు ఒడ్డున సిమెంటు ఇల్లు కట్టుకున్న ఖద్దామా గురించి అందులో ఏమీ లేదు.

ఊళ్లో ఇంకో మాట కూడా తిరిగింది. గుడి దగ్గర పోయినవాళ్లను చూపించి కొందరు విశ్వాసులు చాటుగా ఏదో అన్నారు. ఆ మాట ఇక్కడ రాయను. దానికి జవాబు లూకా 13లో ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయారు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. కట్టడం కూలి జనం చస్తే పోయినవాళ్ల పాపాలు లెక్కపెట్టొద్దన్న మాట ఇంతకంటే సూటిగా ఎలా చెప్తారు?

ఇక "దేవుని చిత్తం" అన్న మాట. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట మీదికి అది తట్టుకోగలిగినదానికంటే ఎక్కువ నీరు వచ్చింది. అయిదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న సంగతి పార్లమెంటు దాకా వెళ్లింది. మనుషులు చూసుకోవాల్సిన గేటును దేవుని ఖాతాలో రాసేయడం భక్తి అనిపించుకోదు. దీనివల్ల ఇంకో నష్టం కూడా ఉంది. విశ్వాసి తన కోపాన్ని సరైన చోట పెట్టలేక మొత్తం దేవుడి మీద పెట్టుకుంటాడు, పెట్టుకున్నందుకు మళ్లీ తనే భయపడతాడు. సుగుణమ్మ విషయంలో ఇదే జరిగింది.

చేసిన పని

ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర లేదు కూడా. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఏదైనా ఉందంటే మొదటి ఏడు రోజులు నేల మీద అతని పక్కన మాట్లాడకుండా కూర్చోవడం. నోరు తెరిచాక ముప్పై చిల్లర అధ్యాయాలు వాదన. చివరికి దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు, అరిచి గోల చేసిన యోబు మాటే సరి అన్నాడు. ఈ తీర్పు 42వ అధ్యాయంలో ఉంది. మన పరామర్శల్లో మాత్రం 1వ అధ్యాయంలోని "యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను" దగ్గరే బైబిల్ మూసేస్తారు.

సుగుణమ్మతో మొదట చదివింది 88వ కీర్తన. చాలా కీర్తనలు ఏడుపుతో మొదలై స్తుతితో ముగుస్తాయి. ఈ కీర్తనకు అలాంటి ముగింపు లేదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. చదివాక, "ఇది బైబిల్‌లో ఉండాదా?" అంది. మళ్లీ చదవమంది. కూతురిని పిలిచి తన బైబిల్‌లో కూడా ఉందేమో చూడమంది. ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ ఇంట్లో నవ్వు వినడం నాకదే మొదలు.

కళ్లు మూసుకుంటే నీళ్లు కనిపించే మనిషిని కళ్లు మూసుకుని ప్రార్థించమంటే ఎలా? కళ్లు తెరిచే ప్రార్థన చేయమన్నాను. నడుస్తూ, గిన్నెలు తోముతూ, ఎలా వీలైతే అలా. స్తుతితో మొదలుపెట్టాలన్న రూలు కూడా తీసేశాను. ఇలాంటి చిన్న మార్పులను మన శిక్షణల్లో ఎవరూ చెప్పరు, బోధ కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయని నా అనుభవం.

అసలు ముడి నెమ్మదిగా బయటపడింది. కువైట్‌లో వారం సెలవు శుక్రవారం, తెలుగు సహవాసాలు ఆ రోజే కూడుకుంటాయి. ఆ శుక్రవారం సుగుణమ్మకు సెలవు దొరికింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచీలో వేసింది. ఆరాధన ముగిసి బయటికొచ్చి చూస్తే కూతురి మిస్డ్ కాల్స్. "వాళ్లు మేడ మీద అరుస్తా ఉంటే నేను చప్పట్లు కొట్టి పాట పాడతా ఉంటిని అక్కా." ఆ రోజు నుంచి ఆమె నోట పాట రాలేదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి, ఇక్కడ కట్ట తెగినప్పుడు అక్కడ ఇంకా అర్ధరాత్రి దాటిన సమయం, ఆమె నిద్రలో ఉంది. ఈ లెక్క ఆమెకూ తెలుసు. చాలాసార్లు వేసుకుంది. లెక్క సరిపోయినా అపరాధ భావం పోలేదంటే కింద ఇంకేదో ఉందని అర్థం.

ఆ ఇంకేదో ఒక రోజు దానంతటదే వచ్చింది. గురువారం రాత్రి భర్త ఫోన్ చేసి, వాన ఆగేట్టు లేదన్నాడట. ఆమె చివరిగా చెప్పిన మాట, "ఎనుములు జాగ్రత్త." అతను కొట్టంలోకి పోయింది ఆ ఎనుముల కోసమే. ఎనిమిది నెలలకు పైగా "దేవుడా ఎందుకిట్ల చేస్తివి" అన్న ప్రశ్న కింద ఇంకో ప్రశ్న దాగి ఉంది: నా మాటకే పోయినాడా?

పరామర్శకు వచ్చి రోమా 8:28 చెప్పిన అక్కలు ఇక్కడ ఎంత దూరం తప్పిపోయారో చూడండి. సమస్తమూ మేలుకే అని చెబితే ఆ "ఎనుములు జాగ్రత్త" కూడా మేలుకే అని చెప్పినట్టు. ఆ వచనం అబద్ధమని నేననను. దానికి ముందున్న వచనాలు వదిలేసి చెప్పడం తప్పంటాను. అక్కడ సృష్టి మూలుగుతోంది, మనం మూలుగుతున్నాం, మన బదులు ఆత్మ కూడా మూలుగుతున్నాడు. ఆ మూలుగులన్నీ దాటాకే 28 వస్తుంది.

యోహాను 11వ అధ్యాయం చాలా రోజులు మా మధ్య ఉండింది. లాజరు చనిపోయాక మార్త, మరియ ఇద్దరూ యేసుతో ఒకే మాట అంటారు: నువ్విక్కడ ఉండి ఉంటే నా తమ్ముడు చచ్చేవాడు కాదు. మార్తతో యేసు పునరుత్థానం గురించి మాట్లాడాడు. మరియతో ఏమీ బోధించలేదు, "యేసు కన్నీళ్లు విడిచెను." మాట ఒకటే, జవాబులు రెండు. ఎవరికి ఏది కావాలో ఆయనకు తెలుసు. మనకు తెలియదు కాబట్టి ముందు అడగాలి. నేను అడిగాను. సుగుణమ్మ, "నాకు రెండో అక్కకు చేసినట్టు చేస్తే చాలు" అంది.

"ఎనుములు జాగ్రత్త" విషయంలో నేను ఆమెను వెంటనే ఓదార్చలేదు. ఆ మాట ఎందుకన్నావని అడిగాను. కువైట్ నుంచి ప్రతి రాత్రీ అదే మాటతో ఫోన్ పెట్టేసేది. ఎనుములు జాగ్రత్త, అత్త జాగ్రత్త, పాప జాగ్రత్త, నువ్వు జాగ్రత్త. దూరంలో ఉన్న పెళ్లాం చేయగలిగిన కాపురం అది. ఇది విన్న కూతురు, "అమ్మా, నాయన నువ్వు చెప్పకపోయినా పోయేవాడే, ఎనుములంటే నాయనకు అంత ఇష్టం" అంది. అది కౌన్సెలరు చెప్పగలిగే మాట కాదు. అందుకే కుదిరినప్పుడల్లా కూతురిని కూర్చోబెట్టుకున్నాను.

అత్తతో పని వేరుగా చేయాల్సి వచ్చింది. కొడుకు పోయాడని ఒప్పించే ప్రయత్నం చేయలేదు. పోయి ఉండొచ్చు, వస్తాడేమోనన్న ఆశా ఉండొచ్చు, రెండూ ఒకే గుండెలో పట్టుకోవచ్చని చెప్పాను. ఆదరణ కూడిక అన్న పేరు లేకుండా ఉత్త ప్రార్థన పెట్టుకుందామంటే సరేనంది.

కాగితాల పని కూడా కౌన్సెలింగ్‌లో భాగమే. కనిపించకుండా పోయిన మనిషి చనిపోయాడని అనుకోవడానికి సాక్ష్య చట్టం ఏడేళ్లు చూస్తుంది. విపత్తుల్లో మాత్రం ప్రభుత్వం విచారణ జరిపి అంతకుముందే మరణ ధ్రువపత్రం ఇవ్వవచ్చు, 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత అలాగే చేశారు. పోలీసు ఫిర్యాదు, రెవెన్యూ విచారణ, సాక్షులు, ఇలా ఒక్కొక్కటీ పాస్టరుగారు వెంట ఉండి చేయించారు. ఆఫీసుల్లో గంటలు గంటలు కూర్చున్నారు. ఆయన ఆ ఏడాది చేసిన సేవలో నాకు గొప్పగా కనిపించింది ఇదే.

ఎక్కడిదాకా వచ్చింది

సుగుణమ్మకు నయమైపోయిందని రాయలేను. నిద్ర కుదుటపడింది. మాత్రలను డాక్టరు క్రమంగా తగ్గించి ఆపారు. వాన పడితే ఇప్పటికీ లేస్తుంది, కాసేపటికి మళ్లీ పడుకుంటుంది. మందిరంలో తలుపు పక్కనే కూర్చుంటుంది. పాటలు పాడుతుంది. ఆ శుక్రవారం పాడిన పాట వస్తే మాత్రం బయటికి పోయి నిలబడుతుంది, సంఘంలో ఎవరూ ఆమెను ఏమీ అనరు.

ఒకసారి హబక్కూకు చివరి అధ్యాయం తనంతట తనే చదువుకుని వచ్చింది. అంజూరం పూయకపోయినా, చేను పండకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను దేవునిలో ఆనందిస్తాను అనే భాగం. "ఈయనకు కూడా ఎనుములు పోయినాయా అక్కా?" అంది. కాసేపు ఆగి, "ఆ లిస్టులో మొగుడు లేడు కదా" అంది. లేడు. నేనూ అదే చెప్పి మొదటి అధ్యాయం తీయించాను. ఆ ప్రవక్త మొదలుపెట్టిందే "ఎంతకాలం మొరపెట్టినా నువ్వు వినవే" అన్న ఫిర్యాదుతో. మూడో అధ్యాయం కంటే తనకు మొదటిదే నచ్చిందని చెప్పింది. నాకు అందులో అభ్యంతరమేమీ కనిపించలేదు.

నమ్మకం తిరిగొచ్చిందా అని పాస్టరుగారు అడిగితే, "అడిగేదానికి ఆయనొకడు ఉండాడు కదయ్యా. ఇంకెవుర్ని అడిగేది?" అందట. సంఘాల్లో మనం వినే సాక్ష్యాలతో పోలిస్తే ఇది చాలా చిన్నది. కౌన్సెలరుగా నా కొలత వేరు. దేవుడితో మాట ఆపేసిన మనిషి మళ్లీ మాట్లాడుతోంది, అదీ కోపాన్ని దాచుకోకుండా.

2023 ఈస్టరుకు ముందు సమాధుల తోటలో అతని పేరుతో రాయి వేశారు. కింద ఎవరూ లేరు. రాయి మీద పుట్టిన తేదీ ఉంది, పోయిన తేదీ వేయడానికి అత్త ఒప్పుకోలేదు. సుగుణమ్మ పట్టుబట్టలేదు. మెట్టెల సంగతి ఆమె ఇష్టానికి వదిలేయమని పాస్టరుగారు చుట్టాలకు గట్టిగా చెప్పారు.

కూతురి చదువు ఖర్చులున్నాయి, మిద్దెకు తెచ్చిన అప్పులో కొంత ఇంకా ఉంది. సుగుణమ్మ మళ్లీ కువైట్ పోవాలని చూస్తోంది. అక్కడికి పోయాక కూడా ఫోన్‌లో మాట్లాడుకోవాలని అనుకున్నాం. అత్తతో పని ఇంకా మిగిలే ఉంది, ఆమె కోసం ఊళ్లోని ఒక పెద్దావిడను మాట్లాడి పెట్టాను. పాస్టరుగారు మాత్రం ఇప్పుడు బయటి నుంచి ఏ బోధకుడు వచ్చినా ఏ వాక్యభాగం తీయబోతున్నారో ముందే ఫోన్‌లో అడిగి తెలుసుకుంటున్నారు. ఒకరిద్దరికి అది నచ్చక రావడం మానేశారట.